మీటరు చూడలేని మంచినీళ్లు

మా అత్తమ్మ నల్గొండ నుంచి మొదటిసారి ఆక్లండ్ వచ్చినప్పుడు, విమానాశ్రయంలో బయోసెక్యూరిటీ వాళ్లు ఆమె పెట్టెలోని పొడుల పొట్లాలన్నీ బల్ల మీద పరిపించి, ఒక్కొక్కదాని జాతకం అడిగారు. వాళ్లు కన్నెత్తి చూడని వస్తువు ఒకటుంది. చేతిసంచిలో కళ్లజోడు పక్కన, పెన్నంత పొడవుతో, కింద రెండు లోహపు మొనలతో ఉన్న టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన పదార్థాలను కొలిచేది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోగానే ఆమె వేసిన మొదటి ప్రశ్న: "ఫిల్టర్ ఏడున్నది బిడ్డా?"

"లేదత్తమ్మా. ఇక్కడ నల్లా నీళ్లే తాగుతం."

ఆమె ఏమీ అనలేదు. గ్లాసులో నీళ్లు పట్టి, మీటరు మొనలు ముంచి, కళ్లజోడు సవరించుకుని చూశారు. 94. మళ్లీ ముంచారు. 94. "మా బోరు నీళ్లు వెయ్యి దాటుతయ్" అంటూ గ్లాసు ఎత్తి గటగటా తాగేసి, "బంగారమసుంటి నీళ్లు" అని మీటరును సంచిలో పెట్టేసుకున్నారు.

ఆ నీళ్లు మంచివే, సందేహం లేదు. కానీ మీటరు చెప్పింది కాబట్టి మంచివి కావు. 2016 ఆగస్టులో ఇదే దేశంలో హావ్‌లాక్ నార్త్ అనే చిన్న ఊరి కుళాయిలో ఇదే మీటరు ముంచి ఉంటే, ఏ తేడా చూపకుండా అవే మార్కులు వేసి ఉండేది. ఆ నీళ్లు తాగి వేల మంది మంచాన పడ్డారు.

మాటలోనే ఉన్న ఉప్పు

మనం తాగే నీళ్లకు తెలుగులో ఉన్న పేరు 'మంచినీళ్లు'. వాటికి ఎదురుమాట 'మురికినీళ్లు' కాదు, 'ఉప్పునీళ్లు'. ఊళ్లో మంచినీళ్ల బావి వేరు, ఉప్పునీళ్ల బావి వేరు. పప్పు ఉడకడానికి ఒకటి, బట్టలు ఉతకడానికి ఇంకొకటి. అంటే మన నాలుక తరతరాలుగా టీడీఎస్ మీటరు పనే చేస్తోంది. నీటిని ఉప్పును బట్టి విడదీసింది. గట్టిరాతి నేల మీద, బోర్ల మీద బతికే ప్రాంతంలో అది సహజమే.

న్యూజిలాండ్‌లోని మావోరీలూ నీళ్లకు వేర్వేరు పేర్లు పెట్టుకున్నారు. వాళ్ల భాషలో 'వై' అంటే నీరు. వైతై సముద్రపు నీరు, వైమావోరి మామూలు మంచినీరు, వైకినో చెడిన నీరు, వైమాటే చచ్చిన నీరు. ఉప్పు ఒక్కటే కాదు, ఆ నీటికి ఏం జరిగింది అన్నదీ వాళ్ల లెక్కలో ఉంది. ఈ వ్యాసానికి ఆ లెక్కే అక్కరకొస్తుంది.

మీటరు చేసే పని చాలా సాదా. రెండు మొనల మధ్య కొద్దిపాటి కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పారుతోందో చూస్తుంది. స్వచ్ఛమైన నీటిలో కరెంటు సరిగా పారదు. అందులో కరిగిన ఉప్పులు, సున్నం, మెగ్నీషియం లాంటివి దాన్ని మోసుకెళతాయి. ఎక్కువ మోస్తే ఎక్కువ ఉప్పులున్నట్టు. ఆ లెక్కను లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని మార్చి అంకె చూపిస్తుంది. ఆ ఉప్పుల్లో ఏది ఎంత ఉందో దానికి తెలియదు. బస్సు ఎంత బరువుందో చెప్పే వేబ్రిడ్జి, లోపల కూర్చున్నది ఎవరో చెప్పలేదు కదా!

మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగునీటి టీడీఎస్ 500 లోపు ఉంటే మేలు, వేరే దిక్కు లేనప్పుడు 2,000 వరకు సర్దుకోవచ్చు. ఈ అంకెలు చాలావరకు రుచికి సంబంధించినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీడీఎస్‌కు ఆరోగ్యపరంగా ఒక పరిమితే పెట్టలేదు. నిజానికి అత్తమ్మ సొంత జిల్లాను పీడించిన ఫ్లోరైడ్ కూడా ఈ మీటరుకు అందదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఇంకా పెరిగితే ఎముకలకు ముప్పు మొదలవుతుంది. వెయ్యి మిల్లీగ్రాముల ఉప్పుల్లో ఒకటిన్నర ఉందా, ఐదుందా అన్నది ఆ అంకె చూసి ఎవరూ చెప్పలేరు.

ఒక వాన, ఒక చెరువు, ఒక బోరు

హావ్‌లాక్ నార్త్ ఉత్తర ద్వీపానికి తూర్పున, హాక్స్ బే ప్రాంతంలో ద్రాక్ష, యాపిల్ తోటల మధ్య ఉన్న ఊరు. జనాభా 14,000 దాకా. బ్రూక్‌వేల్ రోడ్డులోని బోర్ల నుంచి తోడిన నీరు ఏ శుద్ధీ లేకుండా, చిటికెడు క్లోరిన్ కూడా కలపకుండా నేరుగా ఇళ్లకు వెళ్లేది. దాన్ని నిర్లక్ష్యం అనుకోలేదు ఎవరూ. పైగా గర్వంగా చెప్పుకునేవారు. లోతైన భూగర్భ జలం, పైన బంకమట్టి పొర దుప్పటిలా కప్పి ఉంది, ఇక దానికి మందెందుకు? ప్రభుత్వ ప్రమాణాల్లో ఇలాంటి నీటికి 'సురక్షిత భూగర్భ జలం' అని ప్రత్యేక హోదా కూడా ఉండేది.

2016 ఆగస్టు 5, 6 తేదీల్లో అక్కడ భారీ వాన కురిసింది. (అదే వారాంతం, ఆగస్టు 7 ఆదివారం, తెలంగాణలో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. ఇంటింటికీ శుద్ధిచేసిన నల్లా నీళ్లు ఇస్తామని ఒక రాష్ట్రం మొదలుపెట్టిన రోజుల్లోనే, శుద్ధి అక్కర్లేదనుకున్న ఒక ఊరు జబ్బు పడటం మొదలైంది.) ఆ వాన గొర్రెలు మేసే బీడును కడిగింది. పెంటికలు కరిగిన నీరు పక్కనున్న మాంగటేరెటేరే చెరువులోకి చేరింది. అక్కడి నుంచి భూమిలోకి దిగి, పంపు లాగుతున్న దిక్కుకే నడిచి, బోరులోకి వచ్చింది.

బంకమట్టి దుప్పటి ఏమైందని అడుగుతారేమో. దుప్పటికి చిల్లులున్నాయి. ఏళ్ల తరబడి తవ్వి, పనైపోయాక వదిలేసిన బోర్లు ఆ పొరను ఎన్నో చోట్ల పొడిచాయని తర్వాత జరిగిన ప్రభుత్వ విచారణలో తేలింది. పూడ్చని పాత బోరు అనగానే మనకు గుర్తొచ్చేవి అందులో పడిపోయిన పిల్లల విషాదాలు. ఇది ఇంకో రకం.

నీటిలోకి వచ్చింది కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియా. ఒంట్లో చేరిన రెండు నుంచి ఐదు రోజులకు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. ఈ ఆలస్యమే అసలు చిక్కు. నీటి నమూనా తీసి, ప్రయోగశాలలో వెచ్చగా పెట్టి, సూక్ష్మజీవులు పెరిగాయో లేదో చూడటానికి ఒక రోజైనా పడుతుంది. ఆలోగా ఆ నీళ్లు అందరి కడుపుల్లోకీ వెళ్లిపోయాయి. ఆగస్టు 12 శుక్రవారం నాటికి పిల్లలు బడికి రావడం మానేశారు, మందుల షాపుల ముందు జనం పెరిగారు. ఆ రోజే నీటిలో క్లోరిన్ కలపడం మొదలుపెట్టి, మరిగించి తాగమని ప్రకటించారు. సుమారు 5,500 మంది జబ్బుపడ్డారని మొదట లెక్కగట్టారు. ఆ సంఖ్య ఇంకా ఎక్కువని తర్వాతి అధ్యయనం చెప్పింది. నాలుగు మరణాలకు ఈ నీటితో సంబంధం ఉందని భావించారు. కొందరికి కీళ్లవాపు, నరాల జబ్బు మిగిలాయి.

ఇక మీటరు సంగతి. మనిషిని పడగొట్టడానికి ఈ బాక్టీరియా కొన్ని వందలుంటే చాలు. ఐదువందల బాక్టీరియాల బరువు గ్రాములో వందకోట్లవ వంతుకు కూడా చేరదు. వాటికి కరెంటు మోసే పనీ లేదు. అత్తమ్మ మీటరు అక్కడ ఉన్నా, వాటి ఉనికి దానికి తెలిసేది కాదు.

విచారణ రెండు విడతలుగా 2017లో ముగిసింది. ఇదే బ్రూక్‌వేల్ రోడ్డు నీటితో 1998లోనూ ఇలాంటి జబ్బే వచ్చిందని, ఆ పాఠం ఎవరికీ గుర్తులేదని ఆ నివేదికలు బయటపెట్టాయి. 'సురక్షిత భూగర్భ జలం' హోదాను ఎత్తేయాలని సిఫారసు చేశాయి. 2021లో కొత్త చట్టం వచ్చింది, తాగునీటిని పర్యవేక్షించడానికి టౌమాటా ఆరోవై అనే సంస్థ వచ్చింది. క్రైస్ట్‌చర్చ్ కూడా కాంటర్‌బరీ మైదానాల కిందనుంచి వచ్చే తన మందు కలపని నీటిని చూసి మురిసిపోయే నగరమే. 2018లో అక్కడా తాత్కాలికమని చెప్పి క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. ఆ వాసన మీద అక్కడివాళ్ల కోపం ఇంకా చల్లారలేదు. టీ రుచి చెడిపోయిందని వాపోయేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. హావ్‌లాక్ నార్త్ తర్వాత వాళ్ల పక్షాన వాదించడం మాత్రం నా వల్ల కాదు.

[బాక్స్]
ఉప్పు ఆవగింజంత అయితే...
నీటిలో కరిగిన ఉప్పు రేణువును ఆవగింజంత చేసి చూద్దాం. అదే నిష్పత్తిలో పెంచితే, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఒక మోస్తరు గుమ్మడికాయంత అవుతుంది. కాంపిలోబాక్టర్ నిలువెత్తు మనిషంత లావెక్కుతుంది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి గుడ్డు పదంతస్తుల మేడంత ఉంటుంది. ఇప్పుడు జల్లెడలు చూడండి. 'ఒక మైక్రాన్' అని రాసి ఉన్న ఫిల్టర్ మేడను ఆపుతుంది కానీ మనిషి సందు చూసుకుని దూరిపోతాడు. నగరాల శుద్ధి కేంద్రాల్లో వాడే అల్ట్రాఫిల్ట్రేషన్ పొర మనిషినీ ఆపుతుంది. ఆవగింజను ఆపగలిగేది రివర్స్ ఆస్మాసిస్, అంటే ఆర్‌వో పొర ఒక్కటే. అందుకే దాని గుండా నీటిని తోయడానికి పంపు కావాలి, సగానికి పైగా నీరు బయటకు పోతుంది.
[బాక్స్ ముగిసింది]

క్లోరిన్‌కు లొంగని మేడ

అయితే క్లోరిన్ కలిపితే చాలా? ఈ ప్రశ్నకు 2023లో క్వీన్స్‌టౌన్ జవాబు చెప్పింది. దక్షిణ ద్వీపంలో మంచుకొండల నడుమ వాకటిపు సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరు, మనవాళ్లు వచ్చినవాళ్లు వచ్చినట్టు ఫొటోలు దిగే చోటు. ఆ సెప్టెంబరులో కడుపు జబ్బులు పెరిగాయి. కారణం క్రిప్టోస్పోరిడియం. సరస్సులోంచి నీరు తోడే టూ మైల్ కేంద్రంలో క్లోరిన్ ఉంది, ఈ పరాన్నజీవిని ఆపే అడ్డు మాత్రం లేదు. 18వ తేదీన మొదలైన 'మరిగించి తాగండి' హెచ్చరిక డిసెంబరు దాకా నడిచింది. ఈలోగా అక్కడ అతినీలలోహిత కిరణాల దీపాలు, అంటే యూవీ యంత్రాలు బిగించారు.

క్లోరిన్ బాక్టీరియా మీద ఎలా పనిచేస్తుందంటే, పలచని గోడలోంచి లోపలికి దూరి అక్కడి ప్రొటీన్లను కాల్చినట్టు పాడుచేస్తుంది. క్రిప్టోస్పోరిడియం గుడ్డు చుట్టూ కొబ్బరిచిప్ప లాంటి పెంకు ఉంటుంది. మామూలుగా నీళ్లలో కలిపే మోతాదులో క్లోరిన్ ఆ పెంకు బయటే రోజుల తరబడి తచ్చాడుతుంది. యూవీ వెలుగుకు పెంకు అడ్డం కాదు. అది లోపలికి వెళ్లి, జీవి తన నకలు తీసుకోవడానికి వాడే డీఎన్ఏ దారాన్ని ముడులు పెట్టేస్తుంది. ప్రాణం పోకపోవచ్చు, సంతానం మాత్రం ఆగిపోతుంది. కడుపులోకి వెళ్లినా పెరగలేకపోతే జబ్బు రాదు. యూవీ చాలా తక్కువ మోతాదులోనే ఈ జీవిని అదుపు చేయగలదని శాస్త్రవేత్తలకు రూఢిగా తెలిసింది 1990ల చివర్లోనే.

యూవీకీ ఒక లోపముంది. దీపం దాటిన తర్వాత దాని పని అయిపోయినట్టే. గొట్టంలో ముందుకెళ్లాక ఎక్కడో పగులు ఉండి మురుగు కలిస్తే కాపాడేవాడు లేడు. క్లోరిన్ మాత్రం మీ వంటింటి కుళాయి దాకా నీటితోపాటే నడుస్తుంది. యూవీ గేటు దగ్గర నిలబడ్డ జవాను అయితే, క్లోరిన్ వీధంతా గస్తీ తిరిగే గూర్ఖా. అందుకే రెండూ కావాలంటారు. ఒక సంగతి మరవకూడదు, నీరు మసకగా ఉంటే రేణువుల నీడలో సూక్ష్మజీవులు దాక్కుంటాయి. ముందు వడకట్టి, తర్వాత వెలుగు చూపించాలి.

ఆక్లండ్ దగ్గరి వైహెకె దీవిలో, పల్లెల్లో చాలా ఇళ్లకు ఊరి నీటి గొట్టాలే లేవు. కప్పు మీద పడిన వానే ట్యాంకులోకి వెళుతుంది. ఆ కప్పు మీద పక్షులు రెట్టలేస్తాయి, రాత్రి పోసమ్ అనే జంతువులు తిరుగుతాయి. అక్కడి ఇళ్లలో పద్ధతి ఇదే వరుసలో ఉంటుంది: వాన మొదట్లో వచ్చే మురికినీటిని పక్కకు మళ్లించే గొట్టం, మట్టి పట్టే ఫిల్టర్, సన్నని ఫిల్టర్, చివర యూవీ దీపం.

పటిక తిప్పిన బిందె

ఆక్లండ్ నీళ్ల కథ వేరు. వైటాకెరె, హునువా కొండల్లోని ఆనకట్టల నీరు ఒక వంతు. చాలక, 2002 నుంచి వైకాటో నది నీటినీ శుద్ధిచేసి తెస్తున్నారు. నది నీళ్లా అని అప్పట్లో ముక్కు విరిచినవాళ్లున్నారు. మనకు అందులో వింతేముంది? కృష్ణా గోదావరీ తాగి పెరిగినవాళ్లం.

ఆ నదిలో ఒక ప్రత్యేకత ఉంది. అది భూగర్భ వేడి ఊటలున్న అగ్నిపర్వతాల సీమ గుండా వస్తుంది. అక్కడి రాళ్ల నుంచి ఆర్సెనిక్ కొద్దికొద్దిగా నీటిలో చేరుతుంది. తాగునీటిలో అది లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. దాన్ని పట్టుకునే మొదటి ఉపాయం మన అమ్మమ్మలకు తెలిసిందే. వరద రోజుల్లో ఎర్రనీళ్ల బిందెలో పటికముక్క నాలుగుసార్లు తిప్పి వదిలేవారు. కొన్ని ఊళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు. తెల్లారేసరికి మట్టి అడుగుకు దిగేది.

మట్టి రేణువులు వాటంతట అవి ఎందుకు దిగవు? వాటి ఒంటిమీద ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీటిలో వేలాడుతుంటాయి. పటిక ఆ ఆవేశాన్ని చల్లారుస్తుంది. అప్పుడు చల్ల చిలికితే వెన్న పూసలు ఒకదానికొకటి అంటుకున్నట్టు రేణువులు ముద్దకట్టి, బరువెక్కి కిందికి దిగుతాయి. ఆర్సెనిక్ కూడా ఆ ముద్దలకే అతుక్కుని పోతుంది. శుద్ధి కేంద్రంలో ఇదే పని కొలతల ప్రకారం జరుగుతుంది. ఆ తర్వాత సన్నపొర జల్లెడ, వాసనలు పీల్చే బొగ్గు, చివరికి క్లోరిన్.

నల్గొండ పేరు ప్రపంచమంతా తెలిసింది కూడా ఈ పటిక వల్లే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు 'నల్గొండ టెక్నిక్'. ఈ ముక్క చెప్పినప్పుడు అత్తమ్మ మొహం వెలిగింది. ఆ వెంటనే ఆక్లండ్‌లో పళ్లు పుచ్చకుండా నీళ్లలో ఫ్లోరైడ్ కావాలనే కలుపుతారని చెప్పేసరికి నోరు తెరిచేశారు. న్యూజిలాండ్ నీళ్లలో సహజంగా అది చాలా తక్కువ. 1954లో హేస్టింగ్స్ పట్టణంతో మొదలుపెట్టి, లీటరుకు 0.7 నుంచి 1 మిల్లీగ్రాము వచ్చేలా కలుపుతున్నారు. ఒకచోట తీసేయడానికి ఆరాటపడేది ఇంకోచోట కొనితెచ్చి పోస్తారు. "గిదేం లోకం బిడ్డా" అన్నారామె. మోతాదులో ఉంది లోకమంతా.

ఖాళీ సంచితో సంతకొచ్చిన నీళ్లు

టీడీఎస్ తక్కువ ఉన్న నీళ్లకూ ఒక బెడద ఉంది. మన బోరు నీళ్లు సున్నం, మెగ్నీషియం నింపుకుని సంచి బరువుతో వస్తాయి. కెటిల్ అడుగున తెల్లటి పొర పేర్చి పోతాయి. ఇక్కడి వాన నీరు, కొండల నీరు ఖాళీ సంచితో సంతకు వచ్చినట్టు వస్తుంది. ఏది దొరికితే అది వేసుకుందామని చూస్తుంది. గొట్టాల్లో, ఇత్తడి కుళాయిల్లో దొరికేది రాగి, జింకు, కొద్దిగా సీసం. ఇత్తడి బాగా కోతకు రావడానికి అందులో సీసం కలపడం పాత అలవాటు.

పగలంతా నీరు పారుతుంటే కలిసేది లెక్కలోకి రాదు. రాత్రి కుళాయి మెడలో ఏడెనిమిది గంటలు నిలబడ్డ నీరే సమస్య. అందుకే ఇక్కడి ఆరోగ్య శాఖ ఏళ్లుగా ఒక చిన్న సలహా ఇస్తోంది: పొద్దున్నే తాగునీరు పట్టేముందు ఒక కప్పుడు నీళ్లు వదిలేయండి. దీనికి యంత్రం అక్కర్లేదు, కార్ట్రిడ్జ్ అక్కర్లేదు. నేను చూసిన తెలుగు ఇళ్లలో వేలు పోసి ఫిల్టర్ కొన్నవాళ్లున్నారు గానీ, ఈ కప్పు సంగతి తెలిసినవాళ్లు అరుదు.

ఇంకొకటి, వేడినీళ్ల కుళాయి. త్వరగా ఉడుకుతుందని రైస్ కుక్కర్ గిన్నెను అక్కడ పెట్టి నింపే అలవాటు నాకూ ఉండేది. వేడినీరు లోహాన్ని ఇంకా ఎక్కువ కరిగిస్తుంది. పైగా అది నీళ్లు వేడిచేసే సిలిండర్‌లో గంటల తరబడి నిలవుండి వచ్చింది. తాగడానికీ వండటానికీ చన్నీళ్ల కుళాయే వాడాలి.

సీసం పెద్ద ఎత్తున భయపెట్టింది 2021లో. డునెడిన్ దగ్గరి వైకౌఐటి, కారిటానె ఊళ్లలో నీటి నమూనాల్లో సీసం పరిమితికి మించి కనిపించింది. ఫిబ్రవరి 2న కుళాయి నీళ్లు తాగొద్దని ప్రకటించారు. నెలల తరబడి ట్యాంకర్లు తిరిగాయి, జనానికి రక్తపరీక్షలు చేశారు. గమనించండి, అక్కడ 'మరిగించి తాగండి' అనలేదు. 'తాగొద్దు' అన్నారు. ఈ రెండు మాటల మధ్య తేడా ప్రాణాల మీదికొచ్చే తేడా.

మరిగిస్తే చిక్కబడేది

గుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడి మళ్లీ పలచబడదు. సూక్ష్మజీవుల ఒంట్లోని ప్రొటీన్లకూ మరుగుతున్న నీళ్లలో అదే గతి. బాక్టీరియా, వైరస్, పెంకున్న క్రిప్టోస్పోరిడియం, అన్నీ పోతాయి. అందుకే ఏ సూక్ష్మజీవో తేలకముందే ధైర్యంగా చెప్పగలిగే సలహా ఇదొక్కటే. కెటిల్‌లో మరిగించినా చాలు, దాన్నే ఇక్కడివాళ్లు 'జగ్' అంటారు. పొయ్యి మీదైతే నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచాలి.

ఇంగ్లీషు హెచ్చరికల్లో పళ్లు తోముకోవడం, ఐసుముక్కలు, పాలపొడి కలపడం అన్నీ రాస్తారు. మన ఇళ్ల సంగతి వాళ్లకు తెలియదు కాబట్టి నేను కలుపుతున్నాను: మజ్జిగ పలచన చేసే నీళ్లు, పచ్చడి రుబ్బేటప్పుడు చిలకరించే నీళ్లు, కడిగి పచ్చిగా తినే కొత్తిమీర, దేవుడి దగ్గర పెట్టిన తీర్థం. పులిహోర వేడిగా చేసి, పైన కడిగిన కరివేపాకు చల్లినా వచ్చిన నీరు వచ్చినట్టే.

కానీ సీసం, ఆర్సెనిక్, నైట్రేట్ ఆవిరై పోవు. నీరు పోతుంది, అవి మిగులుతాయి. లీటరుకు 10 మిల్లీగ్రాములున్న నీటిని ముప్పావు పైన మిగిలేలా మరిగిస్తే, అంటే 800 మిల్లీలీటర్లు మిగిలితే, అది 12.5 అవుతుంది. పాలను కాచి చిక్కబరిచినట్టే.

నైట్రేట్ కాంటర్‌బరీ పల్లెల సమస్య. పాడి ఆవుల మూత్రంలోని నత్రజని గడ్డి వాడుకోగా మిగిలింది వానతో గులకరాళ్ల నేలలోకి దిగి బావులకు చేరుతుంది. అక్కడ పరిమితి నైట్రేట్-నైట్రోజన్ లెక్కన లీటరుకు 11.3 మిల్లీగ్రాములు. సీసాపాలు తాగే పసిబిడ్డల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ముప్పును దృష్టిలో పెట్టుకుని ఆ గీత గీశారు. ఊరి నీళ్లను స్థానిక కౌన్సిల్ పరీక్షిస్తుంది. సొంత బావి ఉంటే ఆ పని ఇంటివాళ్లదే. బిడ్డ కోసమని జాగ్రత్తగా మరిగించే తల్లి తెలియక దాన్నే చిక్కబరుస్తుంది. అలాంటి బావి ఉన్న ఇంట్లో ఆర్‌వో నిజంగా అవసరం.

[బాక్స్]
బొగ్గు చేసే పని, చేయలేని పని
ఫ్రిజ్‌లో పెట్టుకునే ఫిల్టర్ జగ్గులో ఉండేది ముఖ్యంగా బొగ్గే, చాలావరకు కొబ్బరిచిప్పలతో చేసింది. దాన్ని ఆవిరితో కాల్చి లోపలంతా సన్నని సొరంగాలు పడేలా చేస్తారు. ఒక్క గ్రాము బొగ్గులోని సొరంగాల గోడలన్నీ విప్పి పరిస్తే వందల చదరపు మీటర్లు వస్తాయి. క్లోరిన్, వాసనలు, రంగులు ఆ గోడల దగ్గర ఆగిపోతాయి. సూక్ష్మజీవులను నమ్మకంగా ఆపడం, నైట్రేట్ తీయడం దాని పని కాదు. క్లోరిన్ తీసేసిందంటే కాపలా తీసేసినట్టే. అందుకే వడకట్టిన నీటిని ఫ్రిజ్‌లో పెట్టి ఒకటి రెండు రోజుల్లో తాగేయాలి. ఖర్చు లేని పద్ధతి కావాలంటే, మూత లేని జగ్గులో నీళ్లు రాత్రంతా ఉంచండి, వాసన చాలావరకు పోతుంది.
[బాక్స్ ముగిసింది]

ఏ నీటికి ఏ యంత్రం

పై బాక్స్ రాసే అర్హత నాకు అనుభవంతో వచ్చింది. కొన్నేళ్ల కిందట ఒక ఫిల్టర్ జగ్గు కొని, రెండు నెలలకోసారి మార్చాల్సిన కార్ట్రిడ్జ్‌ను ఏడాదిన్నర మార్చలేదు. ఒకరోజు విప్పి చూస్తే లోపలి గోడకు వేలు జారేలా జిగట పట్టి ఉంది. కౌన్సిల్ పంపిన శుభ్రమైన నీటిని నేను శ్రద్ధగా పాడుచేసుకుని తాగుతున్నానన్నమాట.

ఆక్లండ్‌లో కొత్త ఇల్లు కొన్న తెలుగువాళ్లు గృహప్రవేశం నాటికి ఆర్‌వో బిగించేయడం చూస్తుంటాను. ఆవగింజను ఆపే పొర, ఆవగింజే లేని చోట. గ్లాసు నీటికి రెండు మూడు గ్లాసులు సింకులోకి పోతుంటాయి. మన దేశంలోనే, టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఇళ్లలో ఆర్‌వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆదేశించింది. మా అత్తమ్మ ఊళ్లో ఆ యంత్రం ఎముకలు కాపాడింది, దాని మీద నాకు గౌరవమే. ఆక్లండ్ నగర కుళాయికి మాత్రం రుచి నచ్చకపోతే బొగ్గు చాలు, అదీ వేళకు మారిస్తే. వాన ట్యాంకుకు యూవీ. పొలాల మధ్య సొంత బావికి ముందు పరీక్ష, తర్వాతే యంత్రం.

ఇదంతా విన్న మర్నాడు పొద్దున్నే నేను లేచేసరికి అత్తమ్మ వంటింట్లో ఉన్నారు. గట్టు మీద రెండు గ్లాసులు. ఒకటి రాత్రంతా కుళాయి మెడలో నిలిచిన మొదటి కప్పు, రెండోది కాసేపు వదిలాక పట్టినది. మీటరు మొదటిదాంట్లో ముంచారు. 94. రెండోదాంట్లో ముంచారు. 94. సీసం ఉన్నా అది లీటరులో మిల్లీగ్రాముకు వందో వంతు లెక్కన ఉంటుంది, మీటరు ఒక మిల్లీగ్రాముకు తక్కువ చూడలేదు అని చెప్పాను.

ఆమె మీటరును తిప్పి తిప్పి చూసి, రెండో గ్లాసు తాగారు. మొదటి గ్లాసు తీసుకుని కిటికీలో నేను నాలుగేళ్లుగా ప్రాణంలా చూసుకుంటున్న కరివేపాకు కుండీ వైపు వెళ్లబోయి, ఆగి, తలుపు తీసి బయటున్న గులాబీకి పోశారు.